హులిగుడ్డ ఛార్జరు ఎప్పుడూ ఖాళీయే

కరెంటు బండ్లకు ఛార్జింగ్ అందుబాటులో ఉంచడంలో మా హులిగుడ్డ పురసభను మించిన సంస్థ మలెనాడు కొండసీమ మొత్తంలో లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను. ఫోను యాప్‌లో మా ఛార్జరు గుర్తు పద్నాలుగు నెలలుగా పచ్చగానే ఉంది. పచ్చ అంటే ఖాళీ. (ఎవరైనా బండి తగిలిస్తే ఎర్రబడుతుందట. అటువంటి అవాంఛనీయ సంఘటన ఇంతవరకు జరగలేదు.)

మొన్న బుధవారం జలజాక్షి ఆ పచ్చరంగును నమ్మింది. ఆమెది కరెంటు ఆటో. తిమ్మప్ప మేష్టారిని వారానికి రెండుసార్లు ఇరవై ఎనిమిది కిలోమీటర్ల అవతలి ఆస్పత్రికి డయాలసిస్‌కు తీసుకెళ్తుంది. ముందురోజు గాలివానకు వాళ్ల వీధిలో కరెంటు పోయి ఆటో ఛార్జి కాలేదు. పదకొండుకల్లా మేష్టారు మిషను దగ్గరుండాలి. తొమ్మిదికే ఇద్దరూ పురసభ ఆవరణలోకి వచ్చారు.

ఛార్జరు చుట్టూ ఇనుప జాలీ. జాలీకి తాళం. తాళంచెవి లభ్యతాధికారి చన్నకేశవ జేబులో.

"కాస్త తాళం తియ్యండి సార్, గంట చాలు."

"తీస్తే నువ్వు బండి తగిలిస్తావు కదమ్మా?"

"మరి దేనికి అడుగుతున్నా సార్!"

"అదే చిక్కు. నువ్వు తగిలిస్తే ఇది ఖాళీగా ఉండదు. ఇంకొకరు వస్తే నేనేం చెప్పాలి?"

"ఎవరొస్తారు సార్? ఊరు మొత్తానికీ కరెంటు బండి నాదొక్కటే."

చన్నకేశవ ఏడో నిబంధన చదివి వినిపించాడు: అందరికీ అందుబాటులో ఉండవలసిన దానిని ఏ ఒక్కరికీ ఇవ్వరాదు.

మేష్టారు ఆటోలోంచి తల బయట పెట్టారు. వాచిన కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. "ఏరా చన్నకేశవా, నా దగ్గర చదివింది ఇదేనా?"

చన్నకేశవ లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు నేర్పిన క్రమశిక్షణే మేష్టారూ!"

ఎదురు బేకరీ ఇబ్రాహీం బ్యారీ ఇదంతా విని ఓవెన్ ప్లగ్గు పీకేశాడు. "బండి ఇటు తే అక్కా. ఒక్కపూట బన్ను లేకపోతే ఊరికేం కాదు. మేష్టారి సంగతి వేరు."

గంటన్నర ఛార్జి ఎక్కాక బయలుదేరితే, ఆస్పత్రి చేరేసరికి పదకొండు నలభై. మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్లీ మేష్టారి వంతు వచ్చేసరికి మూడైంది. అప్పటికే ఆయాసంతో ఆయనకు మాట రావడం లేదు. మూడు రోజులు వార్డులోనే ఉంచుకున్నారు. బయట బెంచీ మీద జలజాక్షి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. (యాప్‌లో పచ్చరంగుకు ఏ హానీ కలగలేదు.)

అనుమతి లేకుండా ప్రజలకు ఛార్జింగ్ అందుబాటులోకి తెచ్చిన నేరానికి బ్యారీకి నోటీసు వెళ్లింది.

శుక్రవారం చన్నకేశవ, మేష్టారు తినకూడని అరటిపళ్లు అరడజను, ఒక ఫారమూ పట్టుకుని వార్డుకు వచ్చాడు.

"పైనుంచి వివరణ అడిగారు మేష్టారూ. బుధవారం మీరు చూసినప్పుడు ఛార్జరు ఖాళీగా ఉందా, లేదా? ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు."

 మేష్టారు పెన్ను అడిగారు. ఆయనకు అబద్ధం ఆడటం చేతకాదు.