చెవులాయన విన్న చప్పుడు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, స్పీకర్ల మీద దుమ్ము తుడవాలి, పెద్ద డీలరు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. చివరిది భార్య కలిపిన షరతు.

"ఆయన వచ్చి విని వెళ్ళేదాకా మీరు దేన్నీ ముట్టుకోకండి. మీకు పుణ్యముంటుంది," అంది ఆవిడ, హోటలు గది తలుపు తీస్తూనే.

"నేనేం చిన్నపిల్లాడినా?" అన్నాడు ఆయన.

చిన్నపిల్లాడైతే ఎంతో బాగుండేది. చేతిలో ఓ బిస్కెట్టు పెట్టి కూర్చోబెట్టేవాళ్ళం.

ఆయన్ని ఆ వ్యాపారంలో అందరూ చెవులాయన అంటారు. వెక్కిరింపు కాదు, బిరుదే. యాంప్లిఫయరులో ఒక్క మర వదులైనా పక్కగదిలోంచి పట్టేస్తాడని పేరు. ఖరీదైన స్పీకర్లు చేసేవాళ్ళంతా ఏడాదికోసారి ఓ హోటల్లో ఒక అంతస్తు మొత్తం తీసుకుని, మంచాలు గోడకి నిలబెట్టి, గదికొకరు చొప్పున తమ సరుకు వినిపించే ప్రదర్శన అది. చెవులాయన ఇన్నాళ్ళూ వినడానికే వెళ్ళేవాడు. పదేళ్ళు షెడ్డులో కూర్చుని చేసిన స్పీకర్ల జతతో, వినిపించడానికి వెళ్ళడం ఇదే మొదలు.

నిరుడు ఆ డీలరు స్వయంగా షెడ్డుకి వచ్చి, ఇంకా రంగైనా వేయని ఈ స్పీకర్లు విన్నాడు. పాట అయిపోయాక మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. "ప్రదర్శనకి పట్రండి. అక్కడా ఇలాగే పాడితే నా దుకాణాలన్నిట్లో ఇవే ఉంటాయి," అని వెళ్ళాడు. పదేళ్ళ కష్టం ఆ ఒక్క మాటకి వేళ్ళాడుతోంది. అంత మాట విన్నవాడు ఆ స్పీకర్లకి దుప్పటి కప్పి దాచుకోవాలా వద్దా? ఈయన వాటి వెనక మూత విప్పాడు.

ఎందుకంటే ఆరు నెలల కిందట ఓ రోజు, పాట పెట్టకముందు, ఆయనకి సన్నగా 'సీ' మని వినిపించింది. ఎక్కడో దూరాన దోమ ఒకటి ఒకే స్వరం పట్టుకుని వదలనట్టు. లోపల తీగలన్నీ అతికింది బావమరిది. బడి అయిపోగానే షెడ్డుకొచ్చి, బావా బావా అంటూ వెనకే తిరిగి పని నేర్చుకున్నవాడు.

"నీ అతుకుల్లోనే ఉంది తప్పు," అన్నాడు చెవులాయన.

"నాకేం వినిపించడం లేదు బావా."

"వినిపించదు. వినడానికి చెవులుండాలి."

ఆ మాట నలుగురి ముందూ అన్నాడు. బావమరిది చేతిలోది కింద పెట్టి వెళ్ళిపోయి, ఇంకో కంపెనీలో చేరాడు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. తమ్ముణ్ణి పిలవమని భార్య చెవినిల్లు కట్టుకుని పోరినా, ఆ ఒక్క సంగతీ చెవులాయన పెడచెవిన పెట్టాడు. ఆ తర్వాత తీగలన్నీ మార్చాడు, ట్రాన్స్‌ఫార్మరు మార్చాడు, ఇంట్లో ఫ్రిజ్జూ గడియారాలూ వరండాలో పెట్టించాడు, చివరికి స్పీకరు పెట్టెల నిండా ఉన్ని కూరాడు. చప్పుడు పోలేదు. షెడ్డులో కరెంటే మంచిది కాదనీ, హోటల్లో ఆ బాధ ఉండదనీ తేల్చుకున్నాడు.

సరే, ఆ ఉదయం కాఫీ అయింది. దుమ్ము తుడవడమూ అయింది. ఎందుకీ పాడు అనుమానం అనుకుంటూనే యాంప్లిఫయరు మీట నొక్కి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"వచ్చింది," అన్నాడు.

"ఎవరూ, డీలరా?" అని భార్య గబగబా జుట్టు సర్దుకుంది.

"చప్పుడు."

ఆవిడ ఉన్నచోటే కూలబడింది. ఆయన మటుకు మూలనున్న చిన్న ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. గోడ గడియారం దింపి మంచం వెనక పెట్టాడు. దీపాలార్పాడు. ఆవిడ ఫోను, చేతి గడియారం పుచ్చుకుని బాత్రూంలో పెట్టి తలుపేశాడు. తర్వాత ఏసీ ఆపాడు. కిటికీ తెరిస్తే వీధి చప్పుడు వస్తుందని అదీ తెరవనివ్వలేదు. అప్పుడే లోపలికొచ్చిన ఇద్దరు సందర్శకులు, ఆ చీకట్లో, ఆ ఉక్కలో, ఆయన స్పీకరుకి చెవి ఆనించి నిలబడి ఉండటం చూసి, ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని మెల్లగా వెనక్కి తగ్గారు.

"రండి రండి. కాస్త ఊపిరి మెల్లగా పీల్చుకోవాలి, అంతే," అని పిలిచాడు చెవులాయన. వాళ్ళు మరి రాలేదు.

అప్పుడాయన దృష్టి ఎదురు గది మీద పడింది. ఆ గది, ఖర్మ కాలి, బావమరిది పనిచేసే కంపెనీది. తీగల్లేకుండా గాలిలోనే పాట అందుకునే స్పీకర్లు పెట్టుకుని, ఆరుగురు సందర్శకులకి వాడు ఏదో చెబుతున్నాడు. గుమ్మంలో చెవులాయనని చూడగానే మాట ఆపి, మొహం ఇంత చేసుకుని కుర్చీ లాగాడు.

"రా బావా, కూర్చో."

"నీ పెట్టెలు ఆపు. వీటివల్లే నా గదిలో చప్పుడొస్తోంది."

ఆరు నెలల తర్వాత మొదటి మాట అది. ఎలా ఉన్నావురా అని అడగడానికైతే ఇంతకంటే తక్కువ ఊపిరి పట్టేది. కుర్రాడు వెంటనే స్విచ్చి కట్టేశాడు.

"తగ్గిందా బావా?"

"లేదు. అంటే ఇక్కడిది కాదన్నమాట. హోటల్ కరెంట్లోనే ఉంది," అని చెవులాయన గిర్రున తిరిగాడు.

ఇది ఆ ఆరుగురు సందర్శకులు విన్నారు. అక్కణ్ణుంచి కథ ఎవరి చేతిలోనూ లేదు. హోటల్ కరెంట్లో ఏదో ఉందని చెవులాయన పట్టేశాడట అన్న కబురు వరండా చివరికి చేరేసరికి, మొదటి గదాయన అప్పుడే బయటికొచ్చి, "నాకూ వినిపిస్తోందండీ గురువుగారూ, కాస్త ఎడంపక్క," అన్నాడు. "ఎడమ కాదు, వెనక," అన్నాడు రెండో గదాయన. పత్రికకి రాసే ఆయనొకడు గోడకి ఆనుకుని, అరమోడ్పు కన్నులతో, ఆ చప్పుడు చల్లగా, కొంచెం లోహంలా ఉందన్నాడు. పొద్దుట్నుంచీ ఏ గదిలో వచ్చినవాళ్ళు పెదవి విరిచారో, ఆ గదివాళ్ళకే చప్పుడు మరీ స్పష్టంగా వినిపించింది. "నేనప్పుడే అనుకున్నాను, నా సరుకులో లోపమెందుకుంటుందీ!" అని ఒకాయన దాదాపు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అందరూ కలిసి హోటల్ మేనేజరు మీద పడ్డారు. ఆయన పాపం నోట్లో నాలుక లేనివాడు. మొదట అంతస్తు ఏసీ ఆపించాడు. తగ్గలేదన్నారు. వంటింట్లో పొగ లాగే ఫాను ఆపించాడు. కొంచెం తగ్గిందని ఎడంపక్కాయన, పెరిగిందని వెనకాయన. నీళ్ళ మోటారు ఆపించాడు. పైఅంతస్తులోంచి ఓ పెద్దమనిషి తువ్వాలు చుట్టుకుని, మొహం నిండా సబ్బుతో, గోడ తడుముకుంటూ దిగి వచ్చాడు.

"నీళ్ళేవయ్యా?" అని అరిచాడు.

"ఉష్!" అన్నారు వరండాలో అందరూ ఒక్కసారిగా.

"ఇక మిగిలింది మెయినే," అన్నాడు చెవులాయన. "ఒక్క నిమిషం ఆపండి. జనరేటరు కూడా రాకూడదు."

"సార్, ఇది హోటల్ సార్," అన్నాడు మేనేజరు నీరసంగా.

భార్య వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ, డీలరు వచ్చే వేళయింది. ఉన్నది ఉన్నట్టు వినిపించెయ్యండి. నా మాట వినండి."

"ఆయన కోసమేగా ఈ పాట్లన్నీ!"

మెయిన్ ఆగింది. దీపాలు పోయాయి, ఫానులు పోయాయి, గోడల్లో ఎప్పుడూ ఉండే ఆ బుర్రుమనే శబ్దం కూడా పోయింది. అంతమంది ఆ వరండాలో ఊపిరి బిగబట్టి, కప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. సబ్బు పెద్దమనిషి కూడా నిలబడ్డాడు. ఎందుకో ఆయనకే తెలియదు.

"ఉంది," అన్నాడు చెవులాయన. "అలాగే ఉంది. విన్నారా?"

ఎడంపక్కాయన గొంతు సవరించుకుని, "నాకైతే... ఇప్పుడు లేదండీ," అన్నాడు. వెనకాయన తల దించుకున్నాడు. ఏ యంత్రమూ తిరగని చోట చప్పుడుందంటే ఎవరు మాత్రం ఏమంటారు? ఒక్కొక్కరే అరడుగు చొప్పున ఆయనకి దూరం జరిగారు. దగ్గరికి నడిచి వచ్చింది ఒక్క బావమరిదే.

"నేను చెవులు మూస్తాను. ఎలా ఉందో చెప్పు బావా," అని రెండు అరచేతులూ ఆయన చెవుల మీద గట్టిగా ఒత్తాడు.

చెవులాయన చాలాసేపు విన్నాడు. మొహంలో రంగు మారింది.

"ఇప్పుడింకా గట్టిగా ఉందిరా," అన్నాడు.

బావమరిది వెంటనే చేతులు తియ్యలేదు. తీసేస్తే ఆయన కింద పడిపోతాడేమో అన్నట్టు అలాగే పట్టుకున్నాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారు కదండీ," అంది భార్య. దెప్పడానికి కాదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఫ్రిజ్జూ, గడియారాలూ, తమ్ముడూ, ఒక్కొక్కటే ఇల్లు దాటిపోవడం చూసినావిడ ఆవిడే.

ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో గోడ లోపల, దబదబమని బాదిన చప్పుడు వినిపించింది. ఈసారి అందరికీ వినిపించింది.

"లిఫ్టులో ఎవరో ఉన్నారు!" అని మేనేజరు పరుగెత్తాడు.

ఉన్నది పెద్ద డీలరు. కరెంటు వచ్చాక తలుపు తెరుచుకుంటే, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి, కళ్ళజోడు మీద ఆవిరి పట్టి బయటికొచ్చాడు. తిట్టి ఉంటే ఎంతో సుఖంగా ఉండేది. మహానుభావుడు, తిట్టలేదు. మంచినీళ్ళు తాగి, చెవులాయన గదిలో మధ్య కుర్చీలో కూర్చుని, "పెట్టండి. నిరుటి పాటే," అన్నాడు.

పాట పెట్టారు. ఆయన చివరిదాకా విన్నాడు. అయిపోయాక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నిరుడు మీ షెడ్డులో ఆ పాడే మనిషి నా ఎదురుగా కూర్చున్నట్టుంది. ఇవాళ దుప్పట్లో దూరి పాడుతోంది. ఏం చేశారండీ వీటిని?"

"బాగుచేశాను," అన్నాడు చెవులాయన.

"నిరుటి జత ఉంటే చెప్పండి. ఇప్పుడే మాట్లాడుకుందాం."

"ఇవే నిరుటివి."

డీలరు పాపం నొచ్చుకున్నాడు. మర్యాదగా చెయ్యి కలిపి, ఇవాళ సాయంత్రంలోగా ఏదో ఒకటి ఎంచుకోక తప్పదని చెప్పి, లిఫ్టు వంక చూసి, మెట్ల మీంచి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆ గదిలోకి ఎవరూ రాలేదు. బావమరిది మాత్రం మధ్యాహ్నం భోజనం మానేసి, ఓ స్క్రూడ్రైవరు పట్టుకొచ్చి స్పీకర్ల వెనక మూతలు విప్పాడు. ఉన్ని లాగుతుంటే వస్తూనే ఉంది. నేల మీద మోకాలెత్తు కుప్ప పడింది. చెవులాయన ఆ కుప్ప పక్కన చతికిలబడి చూస్తూ కూర్చున్నాడు.

"నిన్ను అనరాని మాట అన్నానురా. వినలేనిది నువ్వు కాదు. తప్పంతా నాదే."

"పోనీలే బావా. ముందు చెవి డాక్టరుకి చూపించుకో."

"చూపించుకుంటాను. నువ్వు వచ్చెయ్యరా."

కుర్రాడు మూత మరలు బిగించాడు. "ఆ కంపెనీకి మాటిచ్చేశాను బావా. మంచివాళ్ళు. నడిమధ్యలో వదిలి రాలేను. ఆదివారాలు వస్తాలే," అన్నాడు. ఆదివారాలు అన్న మాట ఇద్దరికీ చాల్లేదు. వారమంతా ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కదా మరి.

పాట మళ్ళీ పెట్టారు. చెవులాయనకి ఆ 'సీ' అడ్డం వస్తూనే ఉంది, ఇక అది ఎక్కడిదో తెలిసిపోయాక ఇంకా ఎక్కువైనట్టుంది. అందుకని ఆయన స్పీకర్ల వైపు చూడకుండా భార్య మొహం, బావమరిది మొహం చూస్తూ కూర్చున్నాడు.

"ఎలా ఉందిరా?" అన్నాడు. ఆయన ఇంకొకర్ని ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"నిరుటిలాగే ఉంది బావా. అచ్చం అలాగే."

చెవులాయన లేచి, ఒక్కో మెట్టూ దిగి, వీధి గుమ్మం దాకా పరుగులాంటి నడక నడిచాడు. డీలరు కారు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆయన ఇంకెవరివో స్పీకర్లు ఎంచుకున్నాడని సాయంత్రం మేనేజరే చెప్పాడు, చెవులాయన ఎవరివని కూడా అడగలేదు.

మరుసటి ఏడాది అదే వరండాలో ఒకాయన, ఆ హోటల్ కరెంట్లోని చప్పుడుని పూర్తిగా పోగొట్టే తీగ ఒకటి అమ్మకానికి పెట్టాడు. కొన్నవాళ్ళంతా తేడా స్పష్టంగా తెలుస్తోందన్నారు.