వరండా కింద బాంజో

అబద్ధం ఆడినప్పుడు వర్లిన్‌కి ఇరవై రెండేళ్ళు. దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చేసరికి అరవై రెండు. మధ్యలో నలభై ఏళ్ళు ఆ అబద్ధం అతని ఇంట్లోనే, అతని పక్కనే హాయిగా కాపురం చేసింది.

వెస్టా వెనకాల పడి తిరిగే రోజుల్లో లారెల్ వాగు పొడుగునా ఏ కుర్రవాడి చేతిలో చూసినా బాంజోయే, తోలు బిగించిన ఆ తీగల వాద్యమే. మూడు వేళ్ళతో గలగలా మీటే ఆ బాణీ రేడియోలో అప్పుడే కొత్తగా వినిపిస్తోంది. అది రానివాడికి ఆ కొండల్లో పిల్లనివ్వడం అటుంచి, మంచినీళ్ళు కూడా ఇచ్చేవాళ్ళు కారు. వర్లిన్‌కి బాంజో ఉంది. రానిదల్లా వాయించడమే.

అందుకని పెదనాన్న కొడుకు గేదర్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. వెస్టా పుట్టిల్లు కొండవాలున గుంజల మీద నిలబెట్టిన ఇల్లు. వరండా కింద ఒక మనిషి పట్టేంత చోటుంది. గేదర్ మొక్కజొన్న చేలోంచి పాక్కుంటూ వచ్చి, ఆ చోట కోళ్ళ మధ్య వెల్లకిలా పడుకుని నాలుగు ఆదివారాలు వాయించాడు. పైన వరండాలో వర్లిన్ తీగలకి తగలకుండా వేళ్ళు ఆడించాడు. ఐదో ఆదివారం వెస్టా సరేనంది.

పెళ్ళయ్యాక "ఏదీ, ఆ పాట ఒక్కసారి వాయించు" అని వెస్టా అడగని ఏడు లేదు. వర్లిన్ తప్పించుకోని ఏడూ లేదు. ఒక ఏడు రంపపు మిల్లులో బొటనవేలు నలిగింది. ఒక ఏడు చూపుడువేలిని తేనెటీగ కుట్టింది. ఇంకో ఏడు వానలకి బాంజో తోలు మెత్తబడిపోయింది. ఆ తోలు పదకొండేళ్ళు ఆరలేదు.

అలా గడిచిపోతుండగా ఒక జూలై మధ్యాహ్నం వెస్టా పొయ్యిలోంచి మొక్కజొన్న రొట్టె తీస్తూ అంది.

"ఏమయ్యా, ఆగస్టు చివరి ఆదివారానికి మన పెళ్ళయి నలభై ఏళ్ళు."

"అప్పుడే!"

"చర్చి భోజనాల్లో నువ్వా పాట వాయిస్తున్నావు. పాస్టర్‌గారితో చెప్పేశాను."

వర్లిన్ మెల్లిగా బొటనవేలు వైపు చూసుకున్నాడు.

"ఏం, నొప్పా?"

"అబ్బే, లేదే."

"చూపుడువేలు?"

"అదీ బాగానే ఉంది."

"అయితే మిగతావీ బాగుంటాయి. ఆరు వారాలుందిగా" అంది వెస్టా, రొట్టె ముక్క అతని పళ్ళెంలో పడేసి.

ఆ పాస్టర్‌ని ఊరంతా ఆమెన్ హోబర్ట్ అంటారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ దగ్గరికి చేరేసరికి వేయించిన కోడి చల్లారిపోతుంది. అంత మాటకారి చెవిన పడ్డాక ఇక వెనక్కి తగ్గే దారి లేదు. వర్లిన్ మర్నాడే గాలం భుజాన వేసుకుని, చేపలకి వెళ్తున్నానని చెప్పి, కొండపైన గేదర్ ఇంటికి చేరాడు.

గేదర్‌కి డెబ్భై దాటాయి. కూచున్నచోటే నిద్రపోతాడు, వాయిస్తూ కూడా నిద్రపోతాడు గానీ వేళ్ళు మాత్రం మెలకువగానే ఉంటాయి.

"అన్నయ్యా, నాకు నేర్పాలి" అన్నాడు వర్లిన్.

"నలభై ఏళ్ళ కింద అడగాల్సిన మాటరా అది. కోళ్ళు నా చెవులు పొడిచాయి తెలుసా?"

అయినా నేర్పాడు. బొటనవేలికి ఒక ప్లాస్టిక్ తొడుగు, తర్వాతి రెండు వేళ్ళకీ రెండు రేకు తొడుగులు పెట్టాడు. మిగిలిన రెండు వేళ్ళూ తోలు మీద ఆనించి కదపకూడదన్నాడు.

"బొటనవేలు నీ పెళ్ళామనుకో. నడిమి వేలు ఏమన్నా, చూపుడు వేలు ఏమన్నా, మళ్ళీ వెంటనే దాని మాట ఉండాల్సిందే. అది అలిగి ఆగిందా, పాట ఆగిపోయినట్టే."

ఆ ఒక్క ముక్కా వర్లిన్‌కి వెంటనే అర్థమైంది. తక్కినదేదీ అర్థం కాలేదు. మొదటిరోజు గేదర్ వేటకుక్క గొంతెత్తి ఏడ్చింది. రెండోరోజు పక్కింటికి మకాం మార్చింది.

సాయంత్రం దిగివస్తూ దారిలో కొట్లో చేప ఒకటి పట్టుకొచ్చాడు. వెస్టా దాన్ని తిరగేసి మరగేసి చూసింది.

"ఇది సముద్రపు చేప కదూ?"

"ఏమో, వాగులోనే దొరికింది."

"పాపం, ఎంత దూరం ఈదుకుంటూ వచ్చిందో! అందుకే కాబోలు ఇంత చల్లగా ఉంది" అంటూ ఏమీ ఎరగనట్టే పెనం మీద వేసింది.

అసలు చిక్కు మూడో వారంలో వచ్చింది. వెస్టా అతని చొక్కా ఉతకబోతూ దాని జేబులోంచి ఆ మూడు తొడుగులూ తీసింది.

"ఇవేమిటి?"

 "కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేళ్ళకి పెట్టుకుంటారే, అవి."

"నువ్వు కుడతావా?"

"నేర్చుకుందామని... చాలాకాలంగా మనసులో ఉంది."

"వీటికి సగం రేకు లేదేం?"

"గాలి ఆడటానికి."

వెస్టా అతని కళ్ళలోకి చూసింది. తర్వాత ముఖమంతా వెలిగిపోతూ, "ఇన్నేళ్ళూ ఎందుకు దాచావయ్యా!" అంది.

మంగళవారానికల్లా వర్లిన్ చర్చి హాల్లో, తొమ్మిదిమంది ఆడవాళ్ళ మధ్య, పెద్ద చట్రానికి బిగించిన బొంత ముందు కూచున్నాడు. ఎడమచేతి వేళ్ళు తీగల మీద ఒరుసుకుపోయి ఉంటే, కుడిచేతి వేళ్ళు సూదికి తూట్లు పడ్డాయి. ఆడవాళ్ళు అతని మోకాళ్ళ నొప్పుల గురించి, వెస్టా అతని గురకల గురించి మాట్లాడుకున్నారు. అతను అక్కడ లేనట్టే మాట్లాడుకున్నారు.

"నీ కుట్లు బారెడు బారెడున్నాయి వర్లిన్. ఇది బొంతా, కంచా?" అంది ఒకావిడ.

అన్నిటికన్నా ఘోరమేమిటంటే, బొంత పనిలో అతనికి సరదా పుట్టింది. బాంజో మాత్రం సగం పాట దగ్గరే మొరాయించింది. గడువు ఇంకో వారముందనగా గేదర్ బాంజో కింద పెట్టేశాడు.

"తమ్ముడూ, ఇది అయ్యే పని కాదు. పాత పద్ధతే మేలు."

"చర్చి హాలు కింద చోటు లేదు అన్నయ్యా."

"ఏదన్నా తెర చూడు."

ఆ తెర వెస్టాయే ఇచ్చింది. "నువ్వు కుట్టిన బొంత నలుగురూ చూడాలి. వేదిక మీద నీ వెనకాల వేలాడదీస్తాను. కర్ర దూర్చడానికి పైన మడతలు నువ్వే కుట్టు" అంది. వర్లిన్ దేవుడికి దండం పెట్టుకుని, ఆ మడతలు తన చేత్తోనే కుట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. బల్లల నిండా కోడి, చిక్కుళ్ళు, పీచ్ పళ్ళతో చేసిన తీపి. ఆమెన్ హోబర్ట్ ముప్పావుగంట ప్రార్థించాడు. అందులో వర్లిన్ వేళ్ళ కోసం విడిగా పది నిమిషాలు. అంతసేపూ బొంత వెనక గేదర్ స్టూలు మీద కునుకు తీశాడు.

వర్లిన్ కాలు నేలకేసి మూడుసార్లు తట్టాడు. గేదర్ ఉలిక్కిపడి మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళనాటి పాట కొండవాగులా దూకింది. ముసలివాళ్ళ కాళ్ళు వాటంతటవే ఆడాయి. వర్లిన్ వేళ్ళు గాలిలో గింగిరాలు తిరుగుతున్నాయి. ముందు వరసలో వెస్టా కళ్ళు తడిగా మెరిశాయి.  ఆ కళ్ళు చూసి వర్లిన్‌కి ఈ మోసం ఇక్కడే ఆపేద్దామా అనిపించింది.

అతను ఆపక్కర్లేకపోయింది. తలమీద ఎక్కడో 'పుటుక్' మంది. ఇంకో 'పుటుక్'. వర్లిన్ కుట్లు ఒక్కొక్కటే ఊడి, బొంత అమాంతం వచ్చి అతని నెత్తిన పడింది. దాని వెనక, కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని, గేదర్ ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

 బొంత కిందినుంచి బయటికి రావాలా వద్దా అని వర్లిన్ ఆలోచిస్తున్నాడు. వెస్టాయే వచ్చి బొంత పైకెత్తింది.

"నీ కుట్టు ఒక్క పూట నిలవలేదు. నీ కుట్ర మాత్రం నలభై ఏళ్ళు నిలిచిందనుకున్నావా?"

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి ఆదివారమే. మా అమ్మ వరండాలోకి రాగానే లేచి, మర్యాదగా రెండు చేతులా టోపీ తీశావు. పాట ఆగలేదు."

హాలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వింది. గేదర్ కళ్ళు తెరిచి, తన పాటకే అనుకుని వంగి దండం పెట్టాడు.

"మరి తెలిసీ నన్నెందుకు చేసుకున్నావు?" అన్నాడు వర్లిన్, దుమ్ము నిండిన తలతో.

"బాంజో వాయించేవాళ్ళు ఈ వాగు పొడుగునా నలభైమంది ఉండేవాళ్ళు. నాకోసం నాలుగు ఆదివారాలు అంత భయపడుతూ, అన్ని చెమటలు కక్కుతూ కూచున్నవాడు నువ్వొక్కడివే. చేపలు తెచ్చావు, సూదులు గుచ్చుకున్నావు. ఎప్పుడు చెప్తావా అని చూశాను, ఎప్పటికీ చెప్పవే! సరే, నీకు వచ్చినంత వాయించు."

"సగమే వచ్చు."

"ఆ సగమే వాయించు."

గేదర్ లేచి స్టూలు ఇచ్చాడు. వర్లిన్ వాయించాడు. బొటనవేలు రెండుసార్లు అలిగింది, ఒకసారి రేకు తొడుగు ఎగిరి చిక్కుళ్ళలో పడింది. పాట సరిగ్గా సగంలో ఆగిపోయింది. వెస్టా మాత్రం వేదిక అంచున కూచుని, కళ్ళు మూసుకుని, పద్దెనిమిదేళ్ళ పిల్లలా తలూపుతూ వింది. అతను ఆగినచోటునుంచి మిగతా పాట తనే గొంతులో సన్నగా కూనిరాగం తీసింది. ఆ రాగం అయిపోయేదాకా హాల్లో ఎవరూ చెంచా కదపలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ట్రక్కులో వెస్టా కిటికీ అద్దం దించి, చల్లగాలికి ముఖం పెట్టింది.

"ఇంతకీ మా నాన్నతో చెప్పావే, ఒంటిచేత్తో ఎలుగుబంటిని చంపానని. దాని సంగతేమిటి?"

వర్లిన్ జాగ్రత్తగా రెండు మలుపులు తిప్పాడు. మూడో మలుపు దగ్గర నోరు విప్పాడు.

"అది అప్పటికే చచ్చిపోయి ఉందే."