కానా కూజాలు, కాల్చని రంగులు

మా ఆవిడ మట్టితో కూజాలు చేస్తుంది. నేను వాటి మీద బొమ్మలు వేస్తాను. మా కాపురం కూడా ఇంతే: ఆవిడ చేస్తుంది, నేను పైపైన పూస్తాను.

చర్చిలో లేచి నాలుగు మాటలు ప్రార్థన చేయమంటే మా ఆవిడకు గొంతు పెగలదు. ఇంట్లో ఆ ఇబ్బంది ఎన్నడూ రాలేదు. అందుకే తన ప్రార్థనంతా కుమ్మరి సారె ముందు కూర్చుని చేతులతోనే చేసుకుంటుంది. ఈసారి చర్చి వార్షికోత్సవానికి ఆరు కూజాలు చేసింది. కానా ఊరి పెళ్ళిలో ప్రభువు నీళ్ళను ద్రాక్షారసంగా మార్చిన కథను నేను వాటి మీద వెయ్యాలి.

"ఇవి నా ప్రార్థన. ఎక్కడా వంకర రాకూడదు" అంది.

"నా బొమ్మల్లో వంకరేమిటోయ్?"

"బొమ్మల సంగతి కాదు, మీ సంగతి."

కాలితే గాజులా మెరిసే గ్లేజు రంగులు వేశాక కూజాలను మళ్ళీ బట్టీలో కాల్చాలి. రోజంతా పక్కనే కూర్చుని, కట్టెలు వేస్తూ, సెగ తగ్గకుండా చూడాలి. నాకు దొరికిన సెలవు ఒక్కటే, ఆ రోజే టీవీలో ఫైనల్ మ్యాచ్. ఆవిడ జాగ్రత్తలన్నీ అప్పజెప్పి చెల్లెలింటికి వెళ్ళింది. వీధి మలుపు తిరిగిందో లేదో, నా బుర్ర చురుగ్గా పనిచేసింది.

మా అమ్మాయి బడి రోజుల్లో మిగిలిన పోస్టర్ కలర్లు అటక మీంచి దింపాను. వాటితో బొమ్మలు వేసి, పైన వార్నిష్ కొడితే తళతళలాడవూ? బట్టీ వద్దు, పొగ వద్దు. పెళ్ళికూతుర్నీ, విందునూ ఒక ఊపులో వేసేశాను. పాస్టర్ గారు తొంగిచూస్తే ద్రాక్షారసం నిండుగా కనిపించాలని కూజా మెడల లోపల కూడా ఎర్రరంగు దట్టించాను. వార్నిష్ బ్రష్ మాత్రం లోపలికి పట్టలేదు. పోనీలే, వీటిలో ఎవరు నీళ్ళు పోస్తారు గనక అనుకుని టీవీ ముందు కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం ఆవిడ తిరిగొచ్చింది.

"బాగా కాలాయా?"

"ఆ మెరుపు చూడు, నీకే తెలుస్తుంది!"

ఆవిడ బట్టీ మీద చెయ్యి వేసింది. "చల్లగా ఉందే."

"చల్లారబెట్టాను కదోయ్."

"మ్యాచ్ ఎవరు గెలిచారు?"

"మనవాళ్ళే! ఆఖరి బంతికి..." అని నాలిక కరుచుకున్నాను.

ఆవిడ ఒక కూజా మెడ లోపల వేలితో రాసి చూసి, ఆ వేలిని కొంగుకు తుడుచుకుంది. ఆవిడ ఏమీ అననప్పుడే భయపడాలని తెలిసి కూడా, గెలిచిన సంబరంలో మర్చిపోయాను.

ఆదివారం కూజాలు చర్చిలో బల్ల మీద కొలువుతీరాయి. అందరూ మెచ్చుకుంటుంటే నేను సిగ్గుపడుతున్నట్టు నటిస్తున్నాను. ఇంతలో పాస్టర్ గారు బిందెడు నీళ్ళు తెప్పించి ఒక కూజా నింపారు. ఆయన దాన్ని గాజు గ్లాసులోకి వంచారు.

ఎర్రటి ధార పడింది.

ప్రార్థన పూర్తికాకముందే ఆమెన్ అనేసే మా ఆమెన్ అత్తయ్య, మోకాళ్ళ నొప్పులని ఏళ్ళ తరబడి మోకరించని మనిషి, దబ్బున మోకాళ్ళ మీద పడింది. మైకు దొరికితే వదలని మైకు మావయ్య "అద్భుతం! అద్భుతం!" అంటూ వీధంతా దద్దరిల్లేలా అరిచాడు. పాస్టర్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ గ్లాసు ఇలా ఇవ్వు బాబూ, నా మోకాళ్ళకి రెండు గుక్కలు!" అంది అత్తయ్య.

నేను మా ఆవిడ వైపు వంగాను. "ఏమోయ్, ఏదో ఒకటి చెప్పు!"

"నాకు చర్చిలో గొంతు పెగలదుగా" అంది తాపీగా.

నోరు మూసుకుంటే అద్భుతాల కూజాల చిత్రకారుణ్ణి నేనే. ఆశ పుట్టలేదంటే అబద్ధం. కానీ ఆవిడ కళ్ళు ఆ కూజాల మీదే ఉన్నాయి. అది ఆవిడ ప్రార్థన, అందులో నేను మోసం కలిపాను. నిజంగా సిగ్గేసింది.

"అత్తయ్యా, తాగొద్దు! అది పోస్టర్ కలర్! కూజాలు కాల్చకుండా మ్యాచ్ చూశాను. తప్పు నాదే!"

మైకు మావయ్య పరుగున వచ్చి నా నోటి దగ్గర మైకు పెట్టాడు. "మళ్ళీ చెప్పు నాయనా, వెనకవాళ్ళకి వినబడలేదు."

మళ్ళీ చెప్పాను. పాస్టర్ గారు గ్లాసు కింద పెట్టి, "అయితే అద్భుతమేమీ జరగలేదన్నమాట" అన్నారు దిగులుగా.

అప్పుడు మా ఆవిడ లేచి నిలబడింది.

"కూజాలో నీళ్ళు పోసి చూపించమని మీకు చెప్పింది నేనే కదండీ. కాల్చని రంగులు దేవుడి ముందు పెట్టడం నాకిష్టం లేదు. రంగు కారడం మొదలైతే ఈయనే నిజం చెబుతారని ఆశపడ్డాను. మట్టి మంచిదే, కడిగి మళ్ళీ రంగులేస్తారు, బట్టీ పక్కన కూర్చుని కాలుస్తారు కూడా. కానీ పాస్టర్ గారూ, ఇన్నేళ్ళ కాపురంలో ఈయన నోట 'తప్పు నాదే' అన్న మాట ఇవాళే విన్నాను. అద్భుతం జరగలేదంటారేమిటండీ?"

చర్చి అంతా గొల్లుమని నవ్వింది. పాస్టర్ గారు నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నారు. నిలబడాలో, పారిపోవాలో తెలియక నేను మా ఆవిడ మొహంలోకి చూశాను.

"కూర్చోండి" అంది.

కూర్చున్నాను.