ఏ సతూరియో?

ఆ ఉదయం బసీలియో చేతిలో ఉన్నవి రెండే: ఒక పాలరాతి పలక, ఒక మాట. ఊరి చౌక్‌కు కాలం చేసిన డాక్టరు పేరు పెడుతున్నారు, పలక మీద అది మూడు వరుసల్లో చెక్కాడు. పైన ‘డాక్టర్’, మధ్యలో ‘సతూరియో’, కింద ఇంటిపేరుతో ‘పెన్యాల్బా చౌక్’. మాట మేయరు ప్రిస్కా ఇచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి పలక గోడ మీద ఉంటే చౌక్ మొత్తానికి బండలు పరిచే పని అతనిది. లేకపోతే పక్క ఊరి రాతి వ్యాపారిది. రెండేళ్లుగా సమాధిరాళ్లు తప్ప బేరమెరుగని బసీలియోకు ఆ పని దొరికితేనే కొట్టు నిలబడుతుంది.

పలకను దుప్పట్లో చుట్టి, కాఫీ కొట్టు ముందు నడుం వంగిన పాత చెక్క బెంచీ మీద పెట్టి లోపలికి వెళ్లాడు. కాఫీ తాగి వచ్చేసరికి దాని మీద మేయరమ్మ కూర్చుని ఉపన్యాసం బట్టీ పడుతోంది.

"బెంచీ వంకర సరిచేయించారే! ఇప్పుడు హాయిగా ఉంది," అంటూ ఇంకాస్త సర్దుకుంది. టప్, టప్ మని రెండు చప్పుళ్లు.

"నీ మోకాళ్లేనా అవి?"

"నావేనండి మేయరమ్మా. చలి కదా."

ఆమె వెళ్లాక దుప్పటి విప్పాడు. పైవరుస, కిందివరుస పిండి పిండి. మధ్య ముక్క మాత్రం రంపంతో కోసినట్టు శుభ్రంగా ఉంది. ఖాళీ గోడ కంటే మూడోవంతు పలక నయమని లెక్క వేసుకుని, దాన్నే బిగించి తెర కట్టాడు.

సోరియా కొండల్లో ఆ రోజు సతూరియో స్వామి పండగ. ఇంటికొక సతూరియో ఉన్న ఊరు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లే ఊరందరికీ విందు చేయాలి.

ఉపన్యాసానికి ముందే మేయరమ్మ తెర లాగింది.

"మా ఆయన ఇంటిపేరేదీ?" డాక్టరు భార్య ఎలోయిసా కేక పెట్టింది. "ఊళ్లో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన చేతికి ఇదా మర్యాద?"

జవాబు వచ్చేలోపే తియోదోరా ఏడుస్తూ మేయరమ్మను వాటేసుకుంది. "నా బిడ్డను గుర్తుపెట్టుకున్నావా తల్లీ!" పోయిన ఆమె కొడుకు సతూరియో ఒకప్పుడు దేశమంతా తిరిగే సైకిలు పందెంలో అందరికన్నా ఆఖరున వచ్చాడు. కానీ వచ్చాడు.

"సైకిలు తొక్కినోడికి చౌకా?" మాతియాస్ ముందుకొచ్చాడు. "సన్నాయి ఊది మూడు జిల్లాలను ఆడించిన మా అన్న సతూరియోది ఇది!"

"మీ అన్న ఊదితే గాడిదలే ఆడేవి," అంది తియోదోరా.

"ఆడాయి కదా మరి!"

మేయరమ్మ బసీలియో చెవిలో పళ్లు నూరింది. "పక్క ఊరికి ఇప్పుడే కబురు పెడుతున్నా."

"పేరు మా వాడిది, విందూ మాదే!" అని తియోదోరా కాల్చిన గొర్రెపిల్లలు రెండు తెప్పించి చౌక్‌లో పెట్టింది. మాతియాస్ పీపా ద్రాక్షసారా దొర్లించుకొచ్చాడు. వెనక్కి తగ్గితే గోడ మీద పేరు మొగుడిది కాదని ఒప్పుకున్నట్టేనని ఎలోయిసాకు తట్టింది.

"నాలుగు గొర్రెపిల్లలు తీసుకురండి! డాక్టరు భార్యనిక్కడ!"

అది చూసి, బతికున్న సతూరియోలకు రోషం వచ్చింది. జున్ను, సాసేజులు, వేయించిన రొట్టెముక్కలు వరసకట్టి వచ్చాయి. మూడు గంటలకు ఊరంతా ఒకే బల్ల దగ్గరుంది. సాయంత్రానికి ఎలోయిసా, తియోదోరా ఒకే పళ్లెంలో తింటున్నారు.

"ఆ పలక ముట్టుకున్నారో, ఊరుకోం!" అన్నారు జనం.

"కింద మా ఆయనకి చిన్న పలక చెక్కు బసీలియో. ఇంటిపేరుతో," అంది ఎలోయిసా.

"మా వాడికీ!"

"మా అన్నకీ. వాళ్లదానికన్నా వేలెడు పెద్దది."

పట్నం నుంచి వచ్చిన విలేకరి అప్పటికే పెన్ను తీశాడు. మేయరమ్మ గొంతు సవరించుకుంది. "ఒక్కరి పేరెందుకు, సతూరియోలందరిదీ కావాలని నాకే తట్టింది. కదా బసీలియో?"

"తమరి ఆలోచనేనండి."

"బండలు ఎల్లుండి దింపించు."

రాత్రి బసీలియో లెక్క చూసుకున్నాడు. పోయింది, పలకలో రెండొంతులు. వచ్చినవి, చౌక్ పని, మూడు కొత్త పలకలు, ఆకలి లేకపోయినా కట్టిచ్చిన గొర్రె తొడ ఒకటి. ఆలోచన మేయరమ్మదేనని అతను ఇప్పటికీ ఒప్పుకుంటాడు. అందులో బరువంతా ఆవిడదే మరి.