వాగు దూకలేనివాళ్ళ బొరియలు

ముళ్ళమ్మా ముళ్ళమ్మా, ఏ సంత కెళ్ళావే?
చింకి కోక చాల్లేదని ఏ కోక కొన్నావే?
కొండెనకాల కొన్నాను, కుచ్చిళ్ళు పోయబోతే...

పోయబోతే ఏమయిందో గుర్తుకు రావడం లేదు. చిన్నప్పుడు మా నూకాలత్త చేటతో చెరుగుతూ పాడేది. మొన్నామధ్య తనుండే చోటికి చూడబోయినప్పుడు అడిగాను. తక్కువ అద్దెకి ముసలివాళ్ళకిచ్చే గదుల్లో ఉంటోంది అత్త. "పాట నాకూ గుర్తు లేదే, కథైతే చెబుతాను, కూచో" అంది. ఆ కథ ఇది.

ఒక పెద్ద అడవిలో, ఎండ నేలకు దిగడానికే దారి వెతుక్కునే అంత పెద్ద అడవిలో, ముసలి జంతువులకని బొరియలు తవ్వించారు. అద్దె నెలకి దోసెడు ఇప్పపూలు. అంత చవకంటే అందరూ ఎగబడరా మరి? అందుకని ఒక రూలు పెట్టారు. బొరియల ముందు ఒక పిల్లవాగు ఉంది. దాన్ని దూకలేక నీళ్ళలో పడ్డవాళ్ళే ముసలివాళ్ళు. తడిస్తే బొరియ. తడవకపోతే నమస్కారం, వెళ్ళి రండి.

ఒకసారి పడితే చాలదు. ముసలితనం ఎప్పుడు తగ్గిపోతుందో ఎవరికి తెలుసు? అందుకని ఏటా తొలకరికి అందరూ వచ్చి మళ్ళీ పడి చూపించాలి. అడవి పెద్ద ఏనుగు. ఆయనకి చూపు ఆనదు. ఒక్కొక్కరినీ తొండంతో తడిమి, "తడి" అనో "పొడి" అనో తీర్పు చెప్పేవాడు.

అక్కడ ముళ్ళపంది అవ్వ ఉండేది. ఆవిడ సొంత బొరియ కొండచరియ కింద పోయింది. ముళ్ళున్నదాన్ని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? ఈ బొరియ తప్పితే ఆవిడకి ఇంకో నీడ లేదు. పక్క బొరియలో ఎలుగుబంటి తాత. మధ్యలో మట్టిగోడ. ఇటునుంచి అవ్వ దగ్గితే అటునుంచి తాత "ఇంకా ఉన్నావా?" అనేవాడు. "నిన్ను పంపించి గానీ పోను" అనేది అవ్వ. అదే వాళ్ళకి పొద్దుటి పలకరింపు.

అద్దె వసూలు చేసే గుమాస్తా నక్క. నెలనెలా వచ్చిన ఇప్పపూలలో పెద్దవాటాని తనే రుచి చూసి చూసి, పొట్ట నేలకి రాసుకునేట్టు తయారయ్యాడు. వాడి అత్తింటివాళ్ళు పొరుగడవి నుంచి వచ్చి, వాడింట్లోనే మకాం పెట్టి, "అల్లుడూ, మాకో బొరియ" అని రోజూ సతాయిస్తున్నారు. వాళ్ళేమో వాగు మీంచి అటూ ఇటూ గంతులేసే పడుచువాళ్ళు. ముసలివాళ్ళు ఖాళీ చేస్తే బొరియలు పాడుపడ్డాయని రాయించి తనవాళ్ళని దింపొచ్చు. కానీ ముసలివాళ్ళు ఖాళీ చేయాలంటే?

"వాళ్ళ ముసలితనం పోగొడితే సరి" అనుకున్నాడు నక్క.

నేరుగా ఏనుగు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, పాపం ముసలివాళ్ళు ఊరికే కూచుని గోడలకి చెప్పుకుంటున్నారు. వాళ్ళకి ఆరోగ్యం, ఉల్లాసం, కళ... ఇవన్నీ నేర్పించాలి."

ఏనుగు కళ్ళు చెమర్చాయి. "నీ మనసు వెన్నరా నక్కా!" అని ఉల్లాసాధికారిగా నెమలిని వేశాడు.

నెమలి పాపం చెడ్డవాడు కాడు. పింఛం విప్పితే లోకంలో కష్టాలన్నీ దాని వెనకాలకి పోతాయని నమ్మినవాడు, అంతే.

మర్నాడు కోడి కూయకముందే వచ్చి బొరియల ముందు చప్పట్లు కొట్టాడు. "లేవండి లేవండి! నవ్వుల తరగతి!"

"ఏం జరిగిందని నవ్వడం?" అంది ముళ్ళపంది అవ్వ.

"ఏమీ జరగక్కర్లేదమ్మా. ఊరికే నవ్వాలి."

"మా పినమామగారు అలాగే నవ్వేవాడు. కట్టేసి వేపమండలు తెప్పించాం."

నవ్వుల తరగతి తర్వాత ఊపిరి తరగతి, ఆ తర్వాత చిత్రలేఖనం. గుడ్లగూబని పట్టపగలు ఎండలో కూచోబెట్టారు. "బాబూ, నాకు ఇది అర్ధరాత్రి" అంటే, "అలాంటి ఆలోచనలు రానివ్వకూడదు తాతగారూ" అన్నాడు నెమలి. ధ్యానంలో తాబేలుకి మొదటి బహుమతి వచ్చింది. తల, కాళ్ళు లోపలికి లాక్కుని అంతసేపు కదలకుండా ఇంకెవరు ఉండగలిగారు? బహుమతి ఇద్దామని పిలిస్తే లోపల్నుంచి గురక వచ్చింది.

బొమ్మలెయ్యమంటే ముళ్ళపంది అవ్వ విసుక్కుని మోదుగపూల రంగులో ఒకసారి దొర్లి బండకి ఆనుకుంది. లేచి చూస్తే బండ నిండా ఎర్రగీతలు.

"అద్భుతం!" అని నెమలి మురిసిపోయాడు. "ఇందులో ఎంత వేదన ఉందో!"

"దురద నాయనా" అంది అవ్వ.

అన్నిటికంటే ముఖ్యమైంది గంతుల తరగతి. "ఊపిరి పీల్చు... పట్టు... లే!" అంటాడు నెమలి. 'లే' అనగానే అందరూ ఎగరాలి. మొదట్లో ఎగిరినవాళ్ళకంటే కూలినవాళ్ళే ఎక్కువ. రానురాను మోకాళ్ళు సాగాయి, నడుములు లేచాయి. ఎలుగుబంటి తాత పొట్ట తగ్గి, తనని తానే గుర్తుపట్టలేక నీడకి నమస్కారం పెట్టాడు. ఎందుకు అబద్ధం చెప్పాలి, వాళ్ళకీ బాగానే ఉంది. దూరం నుంచి చూసి అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు నక్క.

తొలకరి వచ్చింది. వాగు ఒడ్డున ఏనుగు కూచున్నాడు. మొదట ఎలుగుబంటి తాత పేరు పిలిచారు. తాత ఏటా పడ్డట్టే పడదామని ఒక్క అడుగు వేశాడు. ఏం జరిగిందో ఆయనకే తెలీదు, అవతలి ఒడ్డున నిలబడి ఉన్నాడు.

ఏనుగు తొండం సాచి తడిమాడు. "పొడి."

"శభాష్ తాతగారూ!" అని నెమలి పింఛం విప్పాడు.

"శభాషే" అన్నాడు నక్క. "ముసలితనం పోయింది. చాప చుట్టుకోండి."

అప్పుడర్థమయింది అందరికీ, ఇన్నాళ్ళూ తాము దేనికోసం నవ్వారో. తాత చాప చంకన పెట్టుకుని అవతల వానలో నిలబడ్డాడు. మిగతావాళ్ళకి చీకటి పడిందని వాయిదా వేశారు.

మర్నాడు నెమలి రాకముందే అవ్వ అందరినీ పోగేసింది. "ఒరేయ్, పడటం నేర్చుకోవాలర్రా."

తాబేలు వెల్లకిలా పడటం నేర్పింది. గుడ్లగూబ కళ్ళు మూసుకుని చెట్టుకి గుద్దుకోవడం నేర్పాడు. ఒకళ్ళు పడ్డ తీరు చూసి ఇంకొకళ్ళు పొట్ట పట్టుకుని దొర్లారు. అవతలి ఒడ్డు నుంచి తాత, "అలా కాదే తాబేలా, పడేటప్పుడు 'అమ్మా' అనాలి!" అని అరిచాడు. నవ్వుల తరగతిలో ఒక్కనాడూ రాని నవ్వు ఆ పొద్దు వచ్చింది వాళ్ళకి.

పరీక్షలో తాబేలు పడింది. ఎంత బాగా పడిందంటే ఏనుగు కూడా "అయ్యో" అన్నాడు. గుడ్లగూబ ఎగరడం మరిచిపోయినట్టు నీళ్ళలోకి నడిచాడు. "తడి. తడి" అంటున్నాడు ఏనుగు. నక్క పళ్ళు కొరుకుతున్నాడు.

ముళ్ళపంది అవ్వ వంతు వచ్చింది. నీళ్ళ అంచుకి వచ్చి, కాళ్ళు వదులు చేసుకుని, పడబోతోంది. నెమలికి మాత్రం మనసు ఆగలేదు. తన శిష్యురాలు ఓడిపోతుంటే ఏ గురువు చూడగలడు? "అవ్వా! ఊపిరి పీల్చు... పట్టు... లే!" అని అరిచాడు.

కాళ్ళు అవ్వ మాట వినలేదు. నెమలి మాట విన్నాయి.

అవతల తాత పక్కన దిగింది అవ్వ. ఏనుగు తొండం వచ్చింది, ఒక ముల్లు గుచ్చుకుంది, వెనక్కి పోయింది. "పొడి."

"ఇంకా ఉన్నావా?" అన్నాడు తాత, మెల్లగా. అవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఇవతల ఒడ్డున తన బొరియ నోరు కనబడుతోంది. అప్పుడే మొదలైన వానజల్లు అందులోకి కొడుతోంది.

"ఆ బొరియ ఖాళీ!" అన్నాడు నక్క.

అవ్వ ఏనుగుకేసి చెయ్యెత్తింది. "ఏనుగయ్యా, నేను దూకలేదు. వాగే సన్నబడింది. లేకపోతే నాలాంటిది దాటుతుందా? కావాలంటే గుమాస్తాగారిని దూకి చూడమను."

ఏనుగు చెవులు ఆడించాడు. "న్యాయమే. కొలత చూడాలి. నక్కా, దూకు."

కాదనే వీల్లేదు. నక్క వెనక్కి నడిచి, పరుగెత్తుకొచ్చి ఎగిరాడు. పొట్ట ఎగరలేదు. వాగు నడిమధ్యలో దబ్బున పడి, అడుగు బురదలో మెడదాకా కూరుకుపోయాడు.

"కాపాడండి!"

ఒడ్డున అడవి పెద్దలు గుమిగూడారు. నీళ్ళలో పడ్డాడు కాబట్టి జలశాఖవాళ్ళు తీయాలన్నాడు ఒకడు. బురదలో ఉన్నాడు కాబట్టి నేలశాఖదన్నాడు ఇంకొకడు. ముందు వాడు దేంట్లో ఎక్కువున్నాడో తేల్చమన్నాడు మూడోవాడు. నక్క గడ్డం మునిగింది.

అవ్వ వాగులోకి కాలు పెట్టింది.

"వదిలెయ్యవే" అన్నాడు తాత. "మనని బయట పడేసినవాడు."

"పడేసినవాడే. ఊపిరి మాత్రం ఊపిరే గదరా" అని అవ్వ దిగిపోయింది. తాత తిట్టుకుంటూనే వెనకాల దూకాడు. నక్క ముళ్ళనే పట్టుకుని కేకలు పెట్టాడు, నొప్పికో బతికినందుకో తెలీదు. తాత మెడ పట్టి లాగాడు. ముగ్గురూ ఇవతలి ఒడ్డున వచ్చి పడ్డారు.

ఏనుగు తొండం వరసగా తడిమింది. "తడి. అవ్వకి బొరియ. తడి. తాతకి బొరియ." మూడోదాని మీద కాసేపు ఆగింది. "ఇదీ తడే. దీనికీ ఒక బొరియ ఇవ్వండి."

"అయ్యా, నేను! గుమాస్తాని!" అన్నాడు నక్క.

"గుమాస్తావా? వాగు దూకలేని ముసలివాడికి ఉద్యోగమేమిటి నాయనా, విశ్రాంతి తీసుకో" అన్నాడు ఏనుగు, ఎంతో దయగా.

మర్నాడు కోడి కూయకముందే కొత్త బొరియ ముందు చప్పట్లు వినిపించాయి.

"లేవండి నక్కగారూ! నవ్వుల తరగతి!"

"నేను ముసలివాణ్ణి కాదు!"

"మొదటివారం అందరూ అలాగే అంటారు" అన్నాడు నెమలి, పింఛం విప్పుతూ.

అత్త కథ ఆపేసరికి కింద గంట మోగింది. కుండలకి రంగులేసే తరగతట. చెప్పుల కోసం వెతుక్కుంటూ, వేళ్ళ సందుల్లో ఇంకా నిన్నటి పచ్చరంగుతో, పడుచుపిల్లలా హడావుడి పడింది. నేను మెట్లు దిగుతుంటే పైనుంచి వంగి, గొంతు తగ్గించి పిలిచింది.

"ఒసే పిల్లా, నేనిక్కడ సంతోషంగా ఉన్నానని ఎక్కడా అనకే, గది ఖాళీ చేయమంటారు."