బావగారి సినిమా గోడౌన్

సినిమా అనేది చూడటానికి పుట్టిందని ఇంకా నమ్ముతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఆ భ్రమ వదులుకోండి. సినిమా పుట్టింది సర్దడానికి! చూడటమంటారా, అది పనీపాటా లేనివాళ్లు కనిపెట్టిన కాలక్షేపం.

ఈ జ్ఞానం నాకు మా బావగారి వల్ల కలిగింది. ఆయన మందుల గోడౌన్‌లో స్టాకు చూసే ఆఫీసరు. లేబుల్ లేని సీసా ఆయన చేతుల మీదుగా అరలోకి ఎక్కిన పాపాన పోలేదు. లోపల అమృతమే ఉండనివ్వండి, పైన చీటీ లేకపోతే చెత్త కిందే జమ. ఇల్లు కూడా అదే పద్ధతిలో నడవాలని ఆయన పట్టుదల. ఉప్పు డబ్బాకూ పంచదార డబ్బాకూ చివరికి చీపురుకట్టకూ లేబుళ్లు అంటించాక, ఇంక అంటించడానికి ఏమీ మిగలక సినిమాల మీద పడ్డారు.

హాల్లో టీవీ పక్కన ఓ చిన్న కంప్యూటరు, దాని చుట్టూ కోడిపిల్లల్లా హార్డ్ డిస్కులు. ఇంట్లో ఉన్న సినిమాలన్నీ అందులోకి ఎక్కించారు. ఇంకేం, హాయిగా చూసుకోవచ్చుగా అంటారా? ఎంత అమాయకులండీ మీరు!

పోస్టర్ లేని సినిమాను ఏ ముఖం పెట్టుకుని చూస్తారు? విడుదలైన సంవత్సరం, దర్శకుడు, తారాగణం, కథా సారాంశం, రేటింగ్... ఇవన్నీ ఉండొద్దూ? వీటన్నిటినీ కలిపి మెటాడేటా అంటారు. అంటే, సినిమా తప్ప సినిమాకు సంబంధించిన సమస్తమూ.

దీనివల్ల ఆ కొంపకు ఒరిగిన మేలు అంతా ఇంతా కాదు. ఏడుపు సినిమాలు చూసి ముక్కు చీదుకునే ఖర్మ తప్పింది. క్లైమాక్సు ఎవరు ముందే చెప్పేసినా కోపం రాదు. ఏ సినిమా చూడాలన్న దాని మీద మొగుడూ పెళ్లాల మధ్య పోట్లాట లేదు, ఏదీ చూడరు కాబట్టి!

ఓసారి ఒక సినిమా హాస్యం కిందికి వస్తుందా, కుటుంబ కథ కిందికి వస్తుందా అని బావగారు ఆదివారమంతా తల పట్టుకుని కూర్చున్నారు.

"కాసేపు చూస్తే తెలిసిపోతుంది కదా బావగారూ," అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "చూస్తూ కూర్చుంటే పని ఎప్పుడు తెములుతుందోయ్?"

నిజమే కదా! మందుల గోడౌన్ నడపాలంటే మందులన్నీ మింగి చూడాలా?

ఇంత వైభవంలోనూ మా అక్కకు ఒక వెలితి ఉంది. ఆ డిస్కుల్లో ఎక్కడో మా అమ్మ ఉంది. పోవడానికి ముందు ఏడాది, ఆ ఇంటి వంటగదిలో తీసిన చిన్న వీడియో అది. అమ్మ గొంతు ఈ లోకంలో మిగిలింది అందులో మాత్రమే.

"ఏవండీ, ఒక్కసారి వెతికి పెట్టండి, అమ్మ మాట వినాలనుంది," అని అక్క అడుగుతూనే ఉంది.

"ఎక్కడికీ పోదు. సర్దడం పూర్తవ్వనీ," అని ఆయన అంటూనే ఉన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆ వీడియోకు పోస్టర్ లేదు, రేటింగ్ లేదు, తారాగణం లేదు. అలాంటి సరుకు ఆయన కంటికి ఆనదు.

మొన్న శనివారం సాయంత్రం సినిమా చూద్దాం రమ్మంటే నేనూ మా ఆవిడా వెళ్లాం. బావగారు రిమోట్ పుచ్చుకుని పోస్టర్లు జరపడం మొదలుపెట్టారు. ఒక్కో పోస్టర్ దగ్గరా ఆగి, దాన్ని సంపాదించడానికి తాను పడ్డ పాట్లు వివరించారు. మా ఆవిడ ఆవలింతను చేత్తో కప్పుకుంది. అక్క ఓపిక పట్టి పట్టి, ఆయన మంచినీళ్లకు లేవగానే రిమోట్ లాక్కుని ఏదో ఒకటి నొక్కేసింది.

తీరా చూస్తే అదొక దయ్యాల సినిమా. పోస్టర్ మీద జుట్టు విరబోసుకున్న ఆకారం. 'గుండె ధైర్యం లేనివారు చూడరాదు' అని సారాంశం.

తెర మీద మాత్రం అక్కావాళ్ల వంటగది కనబడింది. స్టవ్ దగ్గర మా అమ్మ, చేతిలో గరిటె.

"ఆ కెమెరా అవతల పెట్టి ముందు తినడానికి రండి, చల్లారిపోతోంది," అంటోంది.

జరిగిందేమిటంటే, వివరాల్లేని ఫైలు కనబడితే తీసిన సంవత్సరం చూసి ఏదో ఒక సినిమా లేబుల్ తగిలించెయ్యమని బావగారే సాఫ్ట్‌వేర్‌కు ఆజ్ఞ ఇచ్చారు. అది మా అమ్మను తీసుకెళ్లి దయ్యాల్లో కలిపేసింది. బతికున్నన్నాళ్లూ అత్తగారిని పల్లెత్తు మాట అనని అల్లుడి ఇంట్లో ఆమెకు పట్టిన గతి అది!

నాకు నవ్వు రాలేదు. అమ్మ గొంతు ఎలా ఉండేదో మరిచిపోయానని అప్పటిదాకా నాకు తెలియదు. అక్క టీవీకి దగ్గరగా వెళ్లి నేల మీద కూర్చుండిపోయింది.

అంతలో బావగారు గ్లాసుతో వచ్చారు. ఒకదాని లేబుల్ కింద ఇంకో సరుకు! వెంటనే పాజ్ నొక్కారు. అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఒక్క నిమిషం. వివరాలన్నీ తప్పున్నాయి, సరిచేసి పెడతాను," అంటూ కీబోర్డు ఒళ్లోకి తీసుకున్నారు. "తారాగణం, అత్తయ్యగారు. విభాగం, కుటుంబ కథ. కెమెరా ఎవరు?"

ఆయనే వీడియోను కాస్త వెనక్కి జరిపి మళ్లీ వేశారు. అమ్మ మాటకు కెమెరా వెనక ఎవరో మగమనిషి పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు బొమ్మ కూడా ఊగింది.

"ఎవరీయన? ఈ గడి ఖాళీగా వదిలితే బాగుండదు."

అక్క తెర మీంచి చూపు తిప్పలేదు. "మీరే," అంది.

బావగారు ఇంకోసారి వేసి విన్నారు. తన నవ్వును ఆయన గుర్తుపట్టలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ పట్టలేదు. కీబోర్డు మీద ఆయన వేళ్లు అలాగే ఉండిపోయాయి.

"ఇలా వచ్చి కూర్చోండి. రాసుకోవడం తర్వాత," అంటూ అక్క పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన వెళ్లి నేల మీద కూర్చున్నారు.

కాబట్టి పాఠకులారా, మెటాడేటాను ఎవరూ తిట్టకండి. ఆ ఒక్క గడి ఖాళీగా ఉండబట్టే కదా, ఆ ఇంట్లో ఒక మనిషి చాలాకాలంగా కనబడటం లేదన్న సంగతి బయటపడింది!