కొండ మీంచి చుట్టపుచూపు

ప్రతి ఊరికీ ఒక కొండ ఉండాలి. చెప్పులకు దుమ్మంటకుండా దాని మీదికి ఎవరైనా చేరుకోగలగాలి. ఈ రెండూ అమరితే ఇళ్లలో అతిథుల బెడద ఉండదు, మనుషుల మధ్య గొడవలుండవు. ఉబుసుపోక చెబుతున్న మాట కాదిది. మా ఊరే రుజువు!

మాది చిన్న ఊరు. దాని నెత్తిన కొండ. కొండ అంచున వ్యూ పాయింట్. అక్కడ నిలబడితే ఊరంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడికి పోవాలంటే మా వీధి చివర కాలిబాటే దిక్కు. చూడాలని ముచ్చటపడ్డ చుట్టాలు ముందు మా ఇంట్లో దిగేవారు. రాత్రి పడుకుని, తెల్లారి ఎక్కి, కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చి, పిక్కలు పట్టేశాయని మర్నాడు కూడా ఉండిపోయేవారు. ఆ పిక్కలు సర్దుకునేలోగా మా ఇంటి గుట్లన్నీ వాళ్లకి, వాళ్లవన్నీ మాకు తెలిసిపోయేవి. ఎంత అనాగరికం!

ఇప్పుడా బాధ లేదు. కొండ వెనక నుంచి పెద్ద రోడ్డు వేశారు. ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయేవాళ్లయినా ఒక్క మలుపు తిరిగితే చాలు, పార్కింగ్. పక్కనే రెయిలింగ్. రెయిలింగ్‌కి బిగించిన బైనాక్యులర్స్. మా ఊళ్లో అడుగు పెట్టే పనే లేదు. పైగా అక్కణ్ణుంచి మా ఊళ్లోకి రావాలంటే కొండ చుట్టూ తిరిగి రావాలి కాబట్టి, బుర్ర ఉన్నవాడెవడూ రాడు. పాత కాలిబాటకు కంచె వేసి ‘ప్రమాదం’ అని బోర్డు పెట్టారు. ప్రమాదం ఎవరికో రాయలేదు.

అలాగని మా చుట్టాలు మమ్మల్ని మరిచిపోయారనుకునేరు! ఇదివరకటి కంటే ఎక్కువగా వస్తున్నారు. ఏ సెలవు రోజైనా ఫోన్ మోగుతుంది.

“ఒరే, పైన ఉన్నాం! మేడెక్కు!”

నేను చేస్తున్న పని వదిలేసి మేడెక్కుతాను. చెయ్యి ఊపుతాను. వాళ్లూ ఊపుతారు. “చిక్కావురా” అంటారు. “మీరూ బాగున్నారు” అంటాను, ఎవరు ఎవరో నాకు కనపడకపోయినా. కారు కదులుతుంది. చుట్టపుచూపు ముగిసింది! పక్క వేశామా? దుప్పట్లు ఉతికామా? గ్లాసులు కడిగామా?

అంత ఎత్తు నుంచి ఇల్లు గుర్తుపట్టడమెలా అని మీకు అనుమానం రావచ్చు. దానికీ మార్గముంది. మా ఊళ్లో ఇంటికో దుప్పటి. చుట్టాల ఫోన్ రాగానే మేడ మీద తీగకు కట్టేస్తాం. మాది పసుపుపచ్చ. బట్టల కొట్టాయన ఒకే వీధిలో ఒకే రంగు రెండిళ్లకు అమ్మనని ఒట్టేసుకున్నాడు. మా ఎదురింటివాళ్లు ఆలస్యంగా మేల్కొన్నారు. వాళ్లకు చివరికి గళ్ల దుప్పటి మిగిలింది. ఆ ఇంటి ఇల్లాలు ఇప్పటికీ తలెత్తుకుని తిరగలేకపోతోంది.

ఇక లాభాలంటారా, చెప్పుకుంటూ పోతే పేజీలు చాలవు. హెడ్మాస్టారికి ఆపరేషన్ అయితే ఆయన్ని కుర్చీతో సహా మేడ మీదికి మోసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూపించారు. మేనల్లుళ్లు కొండ మీంచే పరామర్శించి “రంగు తేలారు” అని తేల్చేశారు. పాలాయన మనవరాలు పుట్టినప్పుడు పసిదాన్ని పైకెత్తి పట్టుకుంటే, రెయిలింగ్ దగ్గర మేనత్తలు ఆ ముక్కు తమవైపుదేనని ఏకగ్రీవంగా నిర్ణయించారు. గోడలకు సున్నం వేయించమని మా పక్కింటాయన అడిగితే ఇంటి ఓనరు పైనుంచి పరిశీలించి “తెల్లగానే ఉందే!” అన్నాడు. పోస్టాఫీసు ఉద్యోగి తండ్రి పోతే ఆఫీసు వాళ్లంతా రెయిలింగ్ పట్టుకుని తలలు వంచి నిలబడ్డారు. తర్వాత ఎలాగూ వచ్చాం కదా అని గ్రూప్ ఫోటో తీసుకున్నారు.

ఇంత సౌకర్యాన్ని కూడా తప్పుపట్టే ఛాందసులు ఉంటారు. ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు.

“ఊపిన చేతికి గ్లాసెడు మంచినీళ్లు అందించలేం కదండీ!” అంటుంది మా ఆవిడ.

ఆ ఛాందసం వల్ల ఏం జరిగిందో మీరే వినండి. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

మా అక్కకీ మా ఆవిడకీ మాటల్లేవు. కారణం మా అమ్మ కుట్టుమిషన్. అమ్మ పోయాక అది మా ఇంట్లో ఉండిపోయింది. “అడక్కుండా ఉంచేసుకుంది” అని అక్క అంది. “అడిగితే ఇవ్వనన్నానా?” అని మా ఆవిడ అంది. ఆ రెండు మాటలూ ఎదురెదురుగా అనుకుని ఉంటే ఆ పూటే తెగిపోయేది. చుట్టాలు మోసుకెళ్లి అందించడంతో ఏళ్లు పట్టింది.

అలాంటి అక్క ఓ రోజు నాకు ఫోన్ చేసింది. “ఆదివారం అటువైపు వస్తున్నాం.”

మా ఆవిడ అది విని లేచింది. మిషన్‌ని ముందుగదిలోకి లాగింది. బెల్టు మార్పించింది. నూనె వేసింది. సొరుగులో అమ్మ దాచుకున్న బొత్తాలన్నీ తీసి, కడిగి, తుడిచి, మళ్లీ అందులోనే పోసింది. అప్పుడు నాకు ఆజ్ఞ జారీ అయింది.

“ఆదివారం దుప్పటి కట్టకండి.”

“కట్టకపోతే అక్క మన ఇల్లెలా కనిపెడుతుంది?”

“కనిపెట్టలేదు. అందుకే దిగొస్తుంది. వచ్చాక చేతిలో పెడతాను, తీసుకెళ్లమని.”

ఎంత పకడ్బందీ పథకం!

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమని మా ఆవిడ సైగ చేసింది.

“తమ్ముడూ, పైన ఉన్నాం. దుప్పటి ఏదిరా?”

మా ఆవిడ నావైపు వేలు చూపించి బెదిరించింది.

“ఉతికాం అక్కా. కట్టలేదు.”

“కట్టలేదేంట్రా, కనబడుతుంటే! అదిగో పసుపుపచ్చది! పక్కనే మరదలు కూడా ఉంది. ఏవండీ, చూడండి, చెయ్యి ఊపుతోంది! నాకే!”

మరదలు ముందుగదిలో, మిషన్ మీద చెయ్యేసుకుని, నా ఎదురుగా నిలబడి ఉంది.

నేను పరుగున వెళ్లి పెరటి కిటికీలోంచి చూశాను. వెనక వీధి దర్జీ గారి మేడ. కత్తెర పెట్టాక ముడుచుకుపోకూడదని, ఆయన ఏ బట్టనైనా ముందు తడిపి ఆరేయిస్తాడు. ఆ రోజు ఎవరివో కర్టెన్ల గుడ్డ. పసుపుపచ్చ. దర్జీ గారి భార్య దాన్ని తీగ మీద పరిచి, కొండవైపు నిండుగా చెయ్యి ఊపుతోంది.

ఇటు ఫోన్‌లో అక్క గొంతు మారిపోయింది.

“మరదలా, తమ్ముడు నా మాట నీకు చెబుతాడులే. జరిగిందేదో జరిగిపోయిందే. ఆ మిషన్ నువ్వే ఉంచుకో. అమ్మ ఉన్నా నీకే ఇచ్చేది. నేనే నోరు పారేసుకున్నా...” భోరుమంది.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. “వదినా! అది నేను కాదు. నేను ఇంట్లో ఉన్నాను.”

ఫోన్‌లో అక్క ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“మరి ఊపిందెవరే?”

“వెనక వీధి దర్జీ గారి భార్య.”

“తల కూడా ఊపిందే! నేను ఏడుస్తుంటే!”

“మంచి మనిషి వదినా. ఎవరు ఊపినా ఊపుతుంది.”

“అయితే నేను ఇంతసేపూ ఏడ్చింది...”

“నేను విన్నాను. మిషన్ సంగతి తర్వాత, ముందు నువ్వు కిందికి రా.”

వెనక నుంచి బావగారి గొంతు వినిపించింది. “దిగామంటే మళ్లీ కొండంతా చుట్టి రావాలి. చీకటి పడిపోతుంది. చెప్పాల్సింది చెప్పేశావుగా, కారెక్కు!”

అక్క తటపటాయించింది. “మళ్లీ ఎప్పుడు వీలుపడుతుందో... పోనీ ఓ పని చెయ్యవే. ఒక్కసారి మేడెక్కు. నిన్ను చూసి వెళ్తాను.”

మా ఆవిడ మేడెక్కింది. వెనకే నేనూ ఎక్కాను. ఆదివారం కదా, కొండ మీద రెయిలింగ్ పొడవునా జనం. చీమల బారులా ఉన్నారు. అందరూ ఎవరో ఒకరికి చేతులు ఊపుతూనే ఉన్నారు.

“మీ అక్క ఎవరండీ?” అంది.

నాకూ తెలియలేదు. ఫోన్‌లో అక్క “కనిపించావే, కనిపించావే” అంటోంది. మా ఆవిడ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎవర్నీ వదలకుండా అందరికీ ఊపింది. ఫోన్‌లో కారు తలుపు పడిన చప్పుడు వినబడ్డాక కూడా చాలాసేపు ఊపుతూనే ఉంది.

చూశారా! ఏళ్ల నాటి పగ ఒక్క మధ్యాహ్నంలో మాయం. మిషన్ మాకే దక్కింది. ఒక్క గ్లాసు కూడా కడగలేదు. ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి ఆ రోడ్డు వేసిన పెద్దలకు మా ఊరి తరఫున ధన్యవాదాలు. రెయిలింగ్ ఇంకా పొడిగించండి. బైనాక్యులర్స్ ఇంకా బిగించండి. మాకేమీ అభ్యంతరం లేదు. ఒక్కటే విన్నపం. వీలు చూసుకుని ఆ రోడ్డుని కాస్త పాడుచేయించండి. మరీ ఎక్కువ అక్కర్లేదు. ఏదో కారు మొరాయించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఒక మనిషి నడిచొచ్చి మా తలుపు తట్టేంత, చాలు.